మా నఫ్సియాత్ ఎవరు రాయాలి?

మా పిల్ల ఇంటర్ పాసై బీఏలో సైకాలజీ తీసుకుంటానంటే ఇంట్లో లేచే మొదటి మాట "పాగలాఁ కే బీచ్ మే బైఠ్తీ క్యా?" అని. పిచ్చోళ్ళ మధ్య కూర్చుంటావా అని. రెండో మాట, "దాంతో నౌక్రీ వస్తదా?" మూడో మాట పైకి అనరు. బీఏ అంటే సంబంధం కుదిరేదాకా ఆడపిల్లని కూర్చోబెట్టే బెంచీ అని అందరికీ తెలుసు, ఆ బెంచీ మీద ఏ పుస్తకం తెరిచి పెట్టుకుంటే ఏమిటి అని. మగపిల్లవాడి విషయంలో ఈ చర్చే ఉండదు. వాడికి ఇంజనీరింగ్, అది అందకపోతే ఏసీ మెకానిక్ పని నేర్చుకుని దుబాయ్, అదీ లేకపోతే మామ దుకాణం. మనసు గురించి చదవడమనేది వాడి లెక్కలోకే రాదు.

మేము చెప్పదలచుకున్నది ఆ పిల్లను ఆపొద్దని. ఆ పిల్లవాణ్ణి కూడా పంపమని. ఇది కెరీర్ సలహా కాదు. కెరీర్ సలహా అయితే మేము కూడా కంప్యూటర్సే చెప్పేవాళ్ళం.

లెక్కలు ముందే చెప్పుకుందాం. 2001 జనాభా లెక్కల ప్రకారం 20 ఏళ్ళు దాటినవాళ్ళలో డిగ్రీగానీ డిప్లొమాగానీ ఉన్నవాళ్ళు దేశం మొత్తమ్మీద 7 శాతం దాకా ఉంటే, ముస్లింలలో 4 శాతం కూడా లేరని సచార్ కమిటీ 2006లో తేల్చింది. పేరున్న కాలేజీల్లో డిగ్రీ చదివే 25 మందిలో ఒక్కరు, పీజీకి వచ్చేసరికి 50 మందిలో ఒక్కరు ముస్లిం అని కూడా చెప్పింది. ఆ మరుసటి ఏడే 2007లో మన రాష్ట్రంలో బీసీ-ఇ కింద 4 శాతం రిజర్వేషన్ చట్టం వచ్చింది. కొట్లాడి తెచ్చుకున్నది, కోర్టుల్లో ఇంకా కాపాడుకుంటున్నది. కానీ ఆ 4 శాతాన్ని మేము ఎప్పుడూ డాక్టర్ సీట్లతో, ఇంజనీరింగ్ సీట్లతోనే కొలిచాం. బీఏ సీట్లు ఎన్ని నిండాయో, ఎవరు నింపారో, ఏ సబ్జెక్టులతో నింపారో అడిగిన నాయకుడు లేడు. ఒక కౌమ్‌కి ఒళ్ళు చూసే డాక్టర్లు చాలు, ఇళ్ళు కట్టే ఇంజనీర్లు చాలు, తన గురించి తాను ఆలోచించే మనుషులు అక్కర్లేదని ఎవరు తీర్మానించారు?

ఇక సైకాలజీనే ఎందుకు అంటారా. చరిత్ర చదివితే మా గురించి అబద్ధాలు ఎక్కడున్నాయో కనిపిస్తుంది. పాలిటిక్స్ చదివితే ఓటు లెక్క తెలుస్తుంది. సైకాలజీ పుస్తకం తెరిస్తే మేము అసలు కనిపించం. అందులో "మనిషి" ఉంటాడు. మనిషి ఇలా నేర్చుకుంటాడు, ఇలా మరచిపోతాడు, ఇలా భయపడతాడు. ఆ మనిషి ఎవరని అడిగితే జవాబు వెదుక్కోవలసిన పని లేకుండా వాళ్ళలో వాళ్ళే లెక్క తీశారు. జెఫ్రీ ఆర్నెట్ 2008లో పెద్ద పెద్ద సైకాలజీ పత్రికల్ని తిరగేసి చూస్తే, పరిశోధనల్లో కూర్చోబెట్టిన మనుషుల్లో 96 శాతం పడమటి పారిశ్రామిక దేశాలవాళ్ళు. ఆ దేశాల జనాభా ప్రపంచంలో 12 శాతం. అందులోనూ సోషల్ సైకాలజీకి పెద్దపీటగా చెప్పుకునే ఒక పత్రికలో, అమెరికాలో చేసిన ప్రయోగాలకు కూర్చున్నవాళ్ళలో 67 శాతం సైకాలజీ చదివే డిగ్రీ విద్యార్థులే. 2010లో హెన్రిక్, హైన్, నోరెంజయన్ అనే ముగ్గురు ఈ సంగతినే పట్టుకుని, మీరు మనిషి అంటున్నది లోకంలో అందరికంటే వింతైన మనిషిని అని రాసేదాకా వచ్చింది.

ఈ లెక్కని మా పిల్లలు ఇంకోలా చదువుకోవాలి. అక్కడి కాలేజీల్లో బీఏ సైకాలజీ చదివే కుర్రాడు ఆ శాస్త్రాన్ని నేర్చుకుంటూనే ఆ శాస్త్రానికి సరుకు కూడా అయ్యాడు. క్లాసులో ఉన్నవాడే పుస్తకంలో ఉన్నాడు. క్లాసులో లేనివాడు పుస్తకంలో లేడు. మొదటి ఏడు ప్రాక్టికల్స్‌లో మన పిల్లలతో చేయించే ముల్లర్-లాయర్ గీతలే తీసుకోండి. రెండు సమానమైన గీతలకు చివర బాణం మొనలు తిప్పి పెడితే ఒకటి పొడుగ్గా కనిపిస్తుంది. కంటికి సంబంధించిన ఇంత చిన్న సంగతి కూడా అందరికీ ఒకేలా ఉండదని డబ్ల్యూ.హెచ్.ఆర్. రివర్స్ వందేళ్ళకి పైబడే క్రితం చూపించాడు. టారెస్ జలసంధి ద్వీపాల్లోనూ, మన నీలగిరుల్లోని తోడాల దగ్గరా కొలిచి చూస్తే వాళ్ళు ఇంగ్లీషువాళ్ళంత మోసపోలేదు. రెండు గీతలు చూడడంలోనే ఇంత తేడా ఉంటే భయం, సిగ్గు, ఇజ్జత్, దుఃఖం, వీటి సంగతేమిటి?

ఇప్పుడు ఒక కాలేజీ గురించి చెప్పాలి. అది మాది కాదు, మా దేశానిదీ కాదు. వాషింగ్టన్‌లోని హోవర్డ్ యూనివర్సిటీ, నల్లవాళ్ళ కోసం పుట్టిన సంస్థ. అమెరికాలో సైకాలజీలో పీహెచ్‌డీ చేసిన మొదటి నల్లజాతి మనిషి ఫ్రాన్సిస్ సమ్నర్. 1920లో చేశాడు. 1928 నుంచి హోవర్డ్‌లో సైకాలజీ డిపార్ట్‌మెంట్‌ని చేతుల మీద పెంచాడు. ఆయన దగ్గర కెనెత్ క్లార్క్ అనే కుర్రాడు బీఏ చదివాడు. తర్వాత అక్కడికి ఆర్కన్సాలోని హాట్ స్ప్రింగ్స్ అనే ఊరు నుంచి మేమీ ఫిప్స్ అనే డాక్టరు గారి అమ్మాయి వచ్చింది. ఆమె లెక్కలు చదవడానికి వచ్చింది, ఫిజిక్స్ పక్క సబ్జెక్టు. అచ్చం మా ఇళ్ళలో తెలివైన పిల్ల అనగానే ఎంపీసీ అన్నట్టు. లెక్కల మేష్టర్లు ఆడపిల్లల్ని ఏమంత దగ్గరికి రానివ్వలేదు. క్లార్క్ ఆమెకు చెప్పాడు, సైకాలజీకి రా, పిల్లలతో పని చేయొచ్చు అని. వచ్చింది. 1938లో బీఏ అయింది. ఆ వేసవి ఒక నల్లజాతి లాయరు ఆఫీసులో గుమాస్తా పని చేసింది. బడుల్లో వర్ణ విభజన మీద కేసులు వేసే లాయర్లు వచ్చిపోయే ఆఫీసు అది. వాళ్ళు మాట్లాడుకునేది వింటూ కూర్చున్న పిల్ల, మరుసటి ఏడు ఎంఏ థీసిస్‌కి తీసుకున్న విషయం ఏమిటో తెలుసా? బడికి ఇంకా పోని నల్లపిల్లలకు "నేను ఎవరు" అన్న ఎరుక ఎప్పుడు, ఎలా వస్తుంది అని.

అందులోంచి వచ్చినవే బొమ్మల ప్రయోగాలు. నల్ల బొమ్మ, తెల్ల బొమ్మ పిల్లల ముందు పెట్టడం. ఏది మంచి బొమ్మ, ఏది చెడ్డగా ఉంది, ఏది నీలాగా ఉంది అని అడగడం. చాలామంది నల్లపిల్లలు తెల్లదాన్ని మంచిదన్నారు, నల్లదాన్ని చెడ్డదన్నారు, ఆ తర్వాత "నీలాగా ఉన్నదేది" అనేసరికి కొందరు ఏడ్చారు, కొందరు గదిలోంచి లేచి పోయారు. కెనెత్ క్లార్క్ ఈ బొమ్మల్ని పట్టుకుని 1951లో సౌత్ కరొలినా పల్లెకు పోయి 16 మంది పిల్లల్ని అడిగాడు, కోర్టులో సాక్ష్యం చెప్పాడు. 1954 మే 17న అమెరికా సుప్రీంకోర్టు బడుల్లో వర్ణ విభజన చెల్లదని తీర్పు ఇచ్చినప్పుడు 11వ ఫుట్‌నోట్‌లో మొదట పేర్కొన్నది క్లార్క్ రాసిన పత్రాన్నే.

ఈ కథను మేము భక్తితో చెప్పడం లేదు. ఆ ప్రయోగాల మీద విమర్శలు ఉన్నాయి, న్యాయమైనవే. వర్ణ విభజన లేని ఉత్తరాది బడుల పిల్లలు కూడా తెల్ల బొమ్మనే ఎంచుకున్నారు, కొన్నిచోట్ల ఇంకా ఎక్కువగా. కాబట్టి తప్పంతా బడి గోడదే అనడానికి లేదు. పైగా ఒక జాతి మొత్తాన్ని "దెబ్బతిన్న మనసులు"గా కోర్టులో నిలబెట్టడం మంచిదా అన్నది ఇప్పటికీ తెగని వాదం. మాకూ ఆ భయం ఉంది. మేము రోగులమని రుజువు చేసుకోవడానికి సైకాలజీ చదవమనడం లేదు. అయితే గమనించవలసింది ఒకటుంది. ఆ ప్రశ్న అడిగింది ఆ జాతి పిల్లే. తప్పుగా అడిగినా ఒప్పుగా అడిగినా తన ప్రశ్న తాను అడిగింది. లెక్కల నుంచి సైకాలజీకి మారిన ఒక బీఏ విద్యార్థిని.

మా దగ్గర ఆ ప్రశ్న ఎవరు అడిగారు? 1990 డిసెంబర్‌లో హైదరాబాద్ తగలబడ్డాక పాతబస్తీకి వచ్చి జనాన్ని కూర్చోబెట్టి అడిగినవాడు సుధీర్ కక్కర్. ఢిల్లీ నుంచి వచ్చిన మానసిక విశ్లేషకుడు, పేరున్నవాడు, 2024లో చనిపోయాడు. ఒకవైపు పార్దీల్ని, ఒకవైపు కార్వాన్ ముస్లింలని అడిగి 1995లో 'ది కలర్స్ ఆఫ్ వయొలెన్స్' అనే పుస్తకం రాశాడు. నిజాయితీ ఉన్న పుస్తకమే. తాను విభజన చూసిన హిందూ కుటుంబం నుంచి వచ్చానని దాచుకోకుండా చెప్పుకున్నాడు. మేము ఆయన్ని తప్పుపట్టడం లేదు. మేము తప్పుపడుతున్నది ఆ పుస్తకం పక్కన పెట్టడానికి ఇన్నేళ్ళయినా ఇంకో పుస్తకం లేకపోవడాన్ని. పాతబస్తీ నుంచి కోఠీకి బస్సులో పోయి బీఏ, ఆపైన ఎంఏ చదివిన పిల్ల అదే గల్లీల్లోకి తిరిగి వచ్చి, అవే ప్రశ్నలు తన అమ్మీ జబాన్‌లో అడిగితే అవే జవాబులు వచ్చేవా? రావని మా నమ్మకం. బయటి మనిషికి చెప్పే భయం వేరు, ఇంట్లోపల చెప్పుకునే భయం వేరు.

ఈ మాట అంటే సెక్యులర్ మిత్రులకు కష్టంగా ఉంటుంది. వాళ్ళ వాదన మాకు కంఠతా వచ్చు. ముస్లింల సమస్య ఆర్థికం, దాన్ని మనసు దాకా తీసుకుపోతే పోరాటం చల్లబడుతుంది, మనిషిని ఒంటరి చేసి మందు బిళ్ళ చేతిలో పెట్టడమే సైకాలజీ అంటారు. సగం నిజం. కానీ మిగతా సగం మాట్లాడదాం. ఆ మిత్రులే ఎక్కడ గొడవ జరిగినా మరునాడు పత్రికలో రాసే మాటలు ఏమిటి? "ఘెటో మనస్తత్వం." "అభద్రతా భావం." "బాధిత మనస్తత్వం." "మైనారిటీ కాంప్లెక్స్." మేము ఇటు ఉర్దూ డెస్కు మీదా అటు తెలుగు డెస్కు మీదా పనిచేసినవాళ్ళం, ఈ మాటలు ఎడిటోరియల్లో ఎక్కడ పడతాయో ముందే చెప్పగలం. ఇవన్నీ సైకాలజీ మాటలే. మా మీద వాడడానికి ఏ డిగ్రీ అక్కర్లేదు, మేము చదవడానికి మాత్రం పోరాటం అడ్డొస్తుంది! అదే రాత్రి ఉర్దూ పత్రికలో "ఖౌఫ్" అని రెండక్షరాలతో పోయిన మాట తెలుగు పత్రికలోకి వచ్చేసరికి "అభద్రతా భావం" అవుతుంది. ఖౌఫ్‌కి ఎదురుగా ఎవడో ఒకడు నిలబడి ఉండాలి, కత్తో లాఠీయో పట్టుకుని. అభద్రతా భావానికి ఎవరూ అక్కర్లేదు, అది మా లోపల పుట్టి మా లోపలే పెరిగే జబ్బు.

మా మనసు మీద అధికారం ఉన్నవాడి చేతిలో ఆ శాస్త్రం ఏమవుతుందో మేము చదువుకోవలసింది అల్జీరియాలో. ఫ్రెంచి పాలనలో అల్జీర్స్‌లో ఆంత్వాన్ పోరో అనే మానసిక వైద్యుడు, అతని శిష్యులూ ఏళ్ళ తరబడి ఒక సిద్ధాంతం నడిపారు. అక్కడి ముస్లిం పుట్టుకతో ఆవేశపరుడు, అబద్ధాలకోరు, నేరం వాడి మెదడు కట్టులోనే ఉంది అని. అది వైద్య విద్యార్థులకు పాఠం. 1953లో బ్లిడా ఆస్పత్రికి వచ్చిన ఫ్రాంజ్ ఫానన్ ఆ పాఠాన్ని చీల్చి చెండాడాడు. అయితే మాకు నచ్చే సంగతి ఇంకొకటి. ఫానన్, అతని సహచరుడు అజులే కలిసి ఆస్పత్రిలో కొత్త పద్ధతులు పెట్టారు. సమావేశాలు, పండగలు, సినిమాలు, రోగులే నడిపే పత్రిక. యూరోపియన్ ఆడవాళ్ళ వార్డులో బ్రహ్మాండంగా నడిచింది. ముస్లిం మగవాళ్ళ వార్డులో చతికిలబడింది. ఎవరూ నోరు విప్పలేదు. పోరో అయితే "చెప్పానుగా, వీళ్ళంతే" అనేవాడు. ఫానన్ తప్పు పద్ధతిలో ఉందన్నాడు. వాళ్ళ కోసం ఖహ్వాఖానా పెట్టించాడు, వాళ్ళ పండగలు జరిపించాడు, కథలు చెప్పేవాణ్ణి పిలిపించాడు. అప్పుడు వార్డు కదిలింది. ఫానన్‌కి అరబ్బీ రాదు, దుబాసీని పెట్టుకుని మాట్లాడేవాడు, ఆ కొరత ఆయనకు తెలుసు. మా పిల్లలకు దుబాసీ అక్కర్లేదు, అదీ సంగతి.

మన దేశంలో కూడా మా మెదళ్ళలోకి తొంగి చూశారు. 2006 మాలేగావ్ పేలుళ్ళ కేసులో పట్టుకున్న ముస్లిం యువకులకు నార్కో పరీక్షలు చేశారు. నరంలోకి మందెక్కించి మగతలో మాట్లాడించడం. 2016లో కోర్టు వాళ్ళని కేసు నుంచి విడుదల చేసింది. మనిషి ఒప్పుకోకుండా నార్కో, లై డిటెక్టర్, బ్రెయిన్ మ్యాపింగ్ చేయడం రాజ్యాంగానికి విరుద్ధమని సుప్రీంకోర్టు సెల్వి కేసులో 2010లో చెప్పింది. అప్పటిదాకా ఆ పరీక్షలు సైన్సు పేరు మీద నడిచాయి, టీవీల్లో నడిచాయి. ఆ సైన్సు పునాది ఎంత గుల్లదో చెప్పగలిగిన సైకాలజిస్టులు మా కౌమ్‌లో పదిమంది ఉండి ఉంటే, ఉర్దూ తెలుగు పత్రికల్లో అప్పుడే రాసి ఉంటే? పత్రికలవాళ్ళం మేము పోలీసులు చెప్పింది కోట్ చేశాం, వకీళ్ళు చెప్పింది కోట్ చేశాం. శాస్త్రం చెప్పేది అడగడానికి మా ఫోన్ డైరీలో ఒక్క నంబరు లేదు.

మతతత్వం ముస్లిం మనసులో పుట్టుకతో ఉంటుందనేవాళ్ళ కోసం ఒక పేరు చెబుతాం. సోషల్ సైకాలజీ పాఠంలో "షెరిఫ్ ప్రయోగం" అని వస్తుంది. మన పిల్లలు అదేదో అమెరికా పోలీసు పేరనుకుని బట్టీ పడతారు. ఆయన ముజఫర్ షరీఫ్! 1906లో టర్కీలో ఇజ్మీర్ దగ్గర పుట్టాడు. 1919లో గ్రీకు సైన్యం ఇజ్మీర్‌లో దిగినప్పుడు తన పక్కన నిలబడ్డవాళ్ళని చంపడం కళ్ళారా చూశాడు. బీఏ చదివింది ఇజ్మీర్‌లోనే, అమెరికన్ మిషనరీలు నడిపే కాలేజీలో. కొలంబియాలో పీహెచ్‌డీ చేసి తిరిగి వెళ్ళాడు, 1944లో నాజీ అభిమానుల్ని ఎదిరించినందుకు సొంత దేశంలో జైలుకు పోయాడు, బయటపడి అమెరికా చేరాడు. 1954లో ఓక్లహామాలో 22 మంది పిల్లల్ని క్యాంపుకి తీసుకెళ్ళి రెండు జట్లు చేశాడు. అందరూ తెల్లపిల్లలు, అందరూ ప్రొటెస్టెంట్లు, అందరూ మధ్యతరగతి, అందరూ బుద్ధిమంతులు. పోటీలు పెట్టిన కొద్ది రోజులకే జెండాలు తగలబెట్టుకున్నారు, ఒకరి గదుల మీద ఒకరు దాడులు చేసుకున్నారు. హితబోధలతో, కలిపి భోజనాలు పెట్టడంతో తగ్గలేదు. మంచినీళ్ళ ట్యాంకు ఆగిపోయి అందరూ కలిసి బాగుచేసుకోవలసి వచ్చినప్పుడు, బండి మొరాయిస్తే అందరూ కలిసి తాడు కట్టి లాగినప్పుడు తగ్గింది. శాంతి కమిటీల ఇఫ్తార్ విందుల మీద ఇంతకంటే పెద్ద వ్యాఖ్యానం మేము చదవలేదు. ఈ షరీఫ్‌కి కొలంబియాలో గురువు గార్డ్‌నర్ మర్ఫీ. ఆయనే 1950లో యునెస్కో తరఫున మన దేశం వచ్చి హిందూ ముస్లిం ఉద్రిక్తతల మీద పరిశోధనలు చేయించాడు, అలీగఢ్‌లో కూడా. 1953లో పుస్తకం వచ్చింది. అప్పుడూ అడిగింది వాళ్ళే, జవాబులు మావి.

ఇక మా ఇంటివైపు తిరుగుదాం, ఇక్కడా తక్కువ లేదు. సైకాలజీ అంటే ఫ్రాయిడ్, ఫ్రాయిడ్ అంటే బేదీనీ అని మిజాజ్ చెడగొట్టుకునేవాళ్ళు ఒకవైపు. ఇదంతా మా హకీములు ఎప్పుడో చెప్పేశారని మీసం దువ్వేవాళ్ళు ఇంకోవైపు. అబూ జైద్ అల్ బల్ఖీ 934లో పోయాడు. ఒంటికీ మనసుకూ కలిపి వైద్యం రాసిన మాట నిజం, దుఃఖం ఎన్ని రకాలో విడదీసిన మాటా నిజం. కానీ ఆ పుస్తకం మాలో ఎందరు చూశారు? దాన్ని ఈ కాలానికి తెచ్చి పెట్టింది సూడాన్ సైకాలజిస్టు మాలిక్ బద్రీ. ముస్లిం సైకాలజిస్టులు పడమటివాళ్ళ వెనక బల్లి బొరియలోకి కూడా దూరుతున్నారని 1970ల్లోనే తిట్టిపోసినవాడు. తిట్టడానికైనా ముందు ఆయన ఆ సైకాలజీ అంతా చదివాడు. మావాళ్ళు చదవకుండానే తిడతారు, చదవకుండానే గర్వపడతారు. నిద్రపట్టని పిల్లని ఆమిల్ దగ్గరికి తీసుకుపోయి తావీజ్ కట్టిస్తారు, జిన్నాత్ అంటారు, సంబంధాలు చెడిపోతాయని డాక్టరు చీటీ దాచేస్తారు. దర్గాకి పోవద్దని మేము అనం. అక్కడ ఏడవడానికి చోటుంది, ఎవరూ ఎందుకని అడగరు, అదీ ఒక వైద్యమే. పిల్లను గొలుసుతో కట్టేసేచోట మాత్రం మేము ఆమిల్‌కి ఎదురు నిలబడతాం.

అబ్దుల్ మాజిద్ దర్యాబాదీ పేరు ఉలేమాకి బాగా తెలుసు, ఖురాన్ తఫ్సీర్ రాసినవాడు. కుర్రతనంలో ఆయన సైకాలజీ పిచ్చివాడు. ఉద్వేగాల మీద ఉర్దూలో 'ఫల్సఫా-ఎ-జజ్బాత్' రాశాడు, నాయకత్వపు మనస్తత్వం మీద ఇంగ్లీషులో పుస్తకం రాస్తే 1915లో లండన్‌లో అచ్చయింది. ఆ చదువుల్లోనే కొన్నేళ్ళు నమ్మకం పోగొట్టుకున్నాడు, మళ్ళీ తిరిగి వచ్చాడు. చదివినవాడు పోయాడు, చదివినవాడే వచ్చాడు. ఆయన హైదరాబాద్ దారుల్‌తర్జుమాలో కూడా పనిచేశాడు. 1918లో ఉస్మానియా ఉర్దూ మీడియంలో మొదలు కావడానికి ముందే, 1917లో, నిజాం సర్కారు పెట్టిన తర్జుమా దఫ్తర్ అది. షువూర్, లాషువూర్, హాఫిజా, షఖ్సియత్, తఅస్సుబ్ లాంటి మాటల్లో నఫ్సియాత్‌ని డిగ్రీ క్లాసులో చెప్పవచ్చని మన ఊళ్ళోనే రుజువైంది. ఎహసాసె కమ్తరీ అనే మాట ఈనాటికీ మా రిక్షావాలా నోట్లో కూడా ఉంది. 1948 తర్వాత మీడియం మారింది, ఆ మాటలు క్లాసు బయటికి వచ్చేశాయి.

తెలుగులో వచ్చిన మాటలు ఏమిటి? 1968లో తెలుగు అకాడమీ పెట్టాక సైకాలజీ తెలుగులోకి వచ్చింది, సంతోషం. కానీ మూర్తిమత్వం, సంవేదన, అభ్యసనం, కుంఠనం! కర్నూలు దూదేకుల పిల్లకి ఇంట్లో తెలుగు తప్ప ఇంకో భాష లేదు. నల్లగొండ గౌడుల పిల్లకీ లేదు. ఈ కుంఠనం ఇద్దరికీ సమానంగా పరాయిదే. "మనసు చివుక్కుమంది", "గుండెల్లో రాయి పడింది", "కడుపులో దేవినట్టుంది" అనే భాషలో ఇంత మనస్తత్వం ఉండగా కుంఠనం ఎందుకు? మా దక్కనీలో ఘబ్రాట్ ఉంది, వహమ్ ఉంది, హౌల్ ఉంది, "జీ నై లగ్రా" ఉంది. నాలుగూ నాలుగు వేరు వేరు సంగతులు. ప్రశ్నాపత్రం పట్టుకుని వచ్చిన కౌన్సిలర్ నాలుగింటికీ "డిప్రెషన్" అని ఒకే గడిలో టిక్కు పెడతాడు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి డిగ్రీ అంతా ఇంగ్లీషు మీడియమే చేశారు కాబట్టి ఈ గొడవ కూడా తీరిపోయింది. ఇప్పుడు ఎవరి మనసూ ఎవరి భాషలోనూ లేదు.

అన్నిటికంటే మమ్మల్ని నిద్రపోనివ్వని సంగతి 1948. సెప్టెంబర్‌లో ఐదు రోజుల పోలీస్ యాక్షన్. ఆ తర్వాత జరిగిన హత్యల్లో 27 వేల నుంచి 40 వేల మంది పోయి ఉంటారని ప్రభుత్వం పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. ఆ నివేదిక జనానికి చూడడానికి దొరికింది 2013లో. రజాకార్లు చేసినదాన్ని మేము దాచం, దాని లెక్క దానికి ఉంది. కానీ ఉస్మానాబాద్, బీదర్, గుల్బర్గా పల్లెల్లో బావుల్లో దూకిన ఆడవాళ్ళు రజాకార్లు కారు. వాళ్ళ చెల్లెళ్ళు, కూతుళ్ళు మా దాదీలు, నానీలు అయ్యారు. రాత్రి పడుకునే ముందు గొళ్ళెం మూడుసార్లు చూసుకునేవాళ్ళు. గుంపుగా నినాదాలు వినబడితే, అది ఎన్నికల ఊరేగింపైనా సరే, పిల్లల్ని లోపలికి లాక్కునేవాళ్ళు. సంగతేమిటని అడిగితే "కుచ్ నై బేటా" అనేవాళ్ళు. ఆ "కుచ్ నై" మా అమ్మీలకు వచ్చింది, వాళ్ళ నుంచి మాకు వచ్చింది, మా పిల్లలు ఫోన్లో కూడా కొన్ని మాటలు అనేటప్పుడు గొంతు తగ్గిస్తున్నారు. నాజీ క్యాంపుల నుంచి బతికి వచ్చినవాళ్ళ పిల్లల్లో ఈ బరువు ఎలా దిగుతుందో 1960ల నుంచే పరిశోధనలు జరుగుతున్నాయి. మన దేశంలో విభజన మనసుల్ని ఏం చేసిందో మానసిక వైద్యులు ఒక పుస్తకంగా పెట్టింది 2018లో, సంజీవ్ జైన్, అలోక్ సరీన్ సంపాదకత్వంలో. డెబ్భై ఏళ్ళు పట్టింది. హైదరాబాద్ 1948కి అంత పుస్తకం కూడా మా కంట పడలేదు. చెప్పగలిగిన దాదీలు దాదాపు అందరూ కబరస్థాన్‌కి చేరారు. వాళ్ళని అడగాల్సినవాళ్ళం మేము, అడగడమెలాగో నేర్పే క్లాసులో మేము కూర్చోలేదు.

నౌక్రీ సంగతి తప్పించుకోం. బీఏ సైకాలజీతో ఎవరూ కౌన్సిలింగ్ బోర్డు పెట్టుకోకూడదు. ఆపైన ఎంఏ, ఆపైన క్లినికల్ సైకాలజిస్టు కావాలంటే 1992 చట్టం కింద ఏర్పడ్డ రీహాబిలిటేషన్ కౌన్సిల్ గుర్తించిన కోర్సు చేసి రిజిస్టర్‌లో పేరెక్కించుకోవాలి. దారి పొడుగు, సీట్లు తక్కువ, ఫీజు ఎక్కువ. అయితే అవసరం మాత్రం కొండంత ఉంది. నిమ్‌హాన్స్ 2015-16లో చేసిన జాతీయ సర్వే ప్రకారం, జబ్బును బట్టి, మానసిక రుగ్మత ఉన్నవాళ్ళలో 70 నుంచి 92 శాతం మందికి చికిత్సే అందడం లేదు. క్లినిక్ దాకా పోనివాళ్ళకీ టీచరు పనిలో, హాస్టల్ వార్డెన్ పనిలో, ఫ్యామిలీ కోర్టులో, పత్రికాఫీసులో ఈ చదువు పనికొస్తుంది. పత్రికాఫీసు సంగతి మేము హామీ ఇస్తాం.

మైనారిటీ పేరు మీద ఇంజనీరింగ్ కాలేజీలు నడుపుతున్న పెద్దమనుషులకు ఒక మాట. బ్రాంచీలు మూతపడి ఖాళీగా ఉన్న మీ లాబుల్లో ఒక గది చాలు సైకాలజీ బీఏకి. యంత్రాలు అక్కర్లేదు, ఒక స్టాప్‌వాచీ, నాలుగు బల్లలు, ఇద్దరు మంచి లెక్చరర్లు కావాలి. లెక్చరర్లకి జీతం ఇవ్వాలి, అది మీకు కొత్త సంగతి కావచ్చు. ప్రాక్టికల్ రికార్డులో ఇంగ్లీషు ప్రశ్నావళిని అలాగే దించకుండా ముందు దక్కనీలోకి, మామూలు తెలుగులోకి మార్చి, నలుగురు ఆడవాళ్ళ దగ్గర అర్థమైందో లేదో చూసి రమ్మనండి. మూడో ఏడు ప్రాజెక్టుకి పిల్లల్ని సొంత మొహల్లాకే పంపండి.

ఇక ఇంట్లోవాళ్ళకు. తెలంగాణలో డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నారు. కాలేజీలూ కోర్సులూ వరస పెట్టి ఆప్షన్లు ఇచ్చుకోవాలి. అది నింపేటప్పుడు పక్కన మామూజాన్ కూర్చుని "బీకాం కంప్యూటర్స్ పెట్టు" అంటుంటాడు. ఇంటికి దగ్గరున్న కాలేజీలో సైకాలజీ లేకపోతే, బస్సులో నాలుగు స్టాపులు అవతలున్న కాలేజీని ఆ పిల్లని మొదటి ఆప్షన్‌గా పెట్టుకోనివ్వండి.